ప్రతిశ్రుతము – ప్రత్తము: తుపాను సహాయార్థన వాక్యముల విమర్శనము

కావ్యములును శాస్త్రములును మాత్రమే విమర్శకు విషయములని తలంచుట పూర్వాచారము. కాని యే వాక్యముపై ననేకుల ప్రాణములాధారపడి యున్నవో యా వాక్యము కావ్యము కాకున్నను విమర్శకుఁ దగినదే. రాజశాసనములను, దానపత్రములను, వ్యవహారలేఖలను సాహిత్యపరిశోధకులు చిరకాలముగఁ బరిశీలించుచునే యున్నారు. దానపత్రమున దాత యెవఁడు, ప్రతిగ్రహీత యెవఁడు, ఇచ్చిన నేల యెంత, దాని యెల్లలెవ్వి, దాని నపహరించినవానికిఁ బట్టు గతి యెట్టిది యను నంశములు తప్పక యుండును. నేఁటికాలమున నట్టి లేఖ యేది యని యడిగినచో, తుపాను, భూకంపము, కఱవు మొదలగు నుత్పాతములు సంభవించినపుడు ఐక్యరాజ్యసమితి మొదలగు సంస్థలు ప్రకటించు సహాయార్థన పత్రమును జూపవచ్చును. లోకమున దానిని అపీలని వ్యవహరింతురు. ఇది దానపత్రము కాదు, దానమునకుఁ బూర్వాంగమైన యాచనాపత్రము. అయినను నిందును దాత, దేయము, ప్రతిగ్రహీత యను మూఁడును గలవు. ఆ మూఁటిని వాక్యమునఁ గూర్చిన తీరెట్టిదో, ధనము చాలనపుడు వానిలో నేది లోపించునో పరిశీలించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

విషయము

2023వ సంవత్సరము మే నెల 14వ తేదిని, బంగాళాఖాతమునఁ బుట్టిన మోఖా తుపాను మయన్మారు దేశపు రఖైను రాష్ట్రమున సిట్వే పట్టణమునకు సమీపమునఁ దీరము దాఁటెను. మోఖా యనునది యెమెను దేశమునఁ గాఫీ వర్తకమునకుఁ బేరొందిన యొక రేవు. తుపానులకు వరుసగఁ బేళ్లు సూచించు దేశములలో యెమెను నొకటి యగుటచే నా పేరు దీనికిఁ గలిగినది. గాలి గంటకు 250 కిలోమీటర్ల వఱకు వీచెను. 2012లో నిండ్లు గోల్పోయి సిట్వే చుట్టుపట్ల శిబిరములలోఁ గాలము గడపుచున్న రోహింగ్యాల గుడిసెలు పెక్కు నేలమట్టమయ్యెను. సరిహద్దున కావలనున్న బంగ్లాదేశపుఁ గాక్సుబజారులో 2017లోను నంతకుఁ బూర్వమును బాఱివచ్చిన రోహింగ్యాలు రమారమి పదిలక్షలమంది వెదురుతోను టార్పాలినుతోను గట్టిన పాకలలో నుండిరి. తుపాను నడిగుండము వారిని దప్పించి పోయెను గాని వేలకొలఁది పాకలు చెడెను.

మే 23వ తేదిని మయన్మారు బాధితులకై ఐక్యరాజ్యసమితి యొక సహాయార్థనను బ్రకటించెను. అందు 16 లక్షలమందికై 33.3 కోట్ల డాలర్లు కోరఁబడెను. తలకు రమారమి 208 డాలర్లు. ఈ మొత్తమునఁ గ్రొత్తగా నడిగినది 21.1 కోట్లు మాత్రమే. తక్కిన 12.2 కోట్లు ఆ సంవత్సరపుఁ బ్రణాళికలోఁ దొల్లియే యడిగినవి. అనఁగా నొకసారి యడిగి రాని ధనమునే మరల నడుగవలసి వచ్చినది. సంవత్సరము ముగిసినను నా ప్రణాళికకుఁ గావలసినదానిలో సగమైనను జేరలేదు. ఇంతలో జూన్ నెలయందు రఖైనులో సహాయసంస్థల ప్రయాణానుమతులను సైనిక ప్రభుత్వము నిలిపివేసెను. ధనలోపమునకుఁ దోడు మార్గలోపమును గలిగెను.

కాక్సుబజారు వృత్తాంత మింతకంటె విచారణీయమైనది. అచ్చటి శరణార్థులకుఁ బని చేసికొని బ్రతుకుటకు హక్కు లేదు. ప్రపంచ ఆహార కార్యక్రమమువారిచ్చు వౌచరే వారి తిండికాధారము. ఆ వౌచరు మనిషికి నెలకు 12 డాలర్లుగా నుండినది. నిధులు చాలలేదని మార్చి 1వ తేదిని 10 డాలర్లకును, జూన్ 1వ తేదిని 8 డాలర్లకును దగ్గింపఁబడెను. దినమునకు 27 సెంట్లు. రెండు తగ్గింపులకును నడుమ వచ్చినది మోఖా తుపాను. పాక చెడిన పదునెనిమిదవ నాఁడు పళ్లెమును జిక్కిపోయెను. 2024లో నా మొత్తము క్రమముగా మరలఁ బెంపఁబడిన మాట నిజమే. కాని 2023 వర్షకాలమున నాఁకలిగొన్న శిశువునకు 2024లోని పెంపు భోజనము కాఁజాలదు.

సంప్రదాన విచారము

ఇట్టి దుఃఖమునెదుట వ్యాకరణ మేల యని కొందఱాక్షేపింపవచ్చును. కారకవిచారము మాటల యాట కాదు. క్రియకు నెవ్వఁడు బాధ్యుఁడు, ఫలమెవ్వనికిఁ జెందును అను ప్రశ్నలకే కారకములని పేరు. న్యాయస్థానమున ముందుగా నడుగు ప్రశ్నలును నివియే.

కర్త తన కర్మముచే నెవ్వని నుద్దేశించునో వాఁడు సంప్రదానమని పాణిని మతము. ఆ పేరులోనే సమ్యక్కుగాను బ్రకృష్టముగాను నిచ్చుట యను నర్థము గలదు. అందుచేఁ గొందఱు వ్యాఖ్యాతలు, దాత తన స్వత్వమును బూర్తిగ విడిచి పరస్వత్వమును గలిగించినపుడే సంప్రదానత్వ మనిరి. రజకునకుఁ బట్టలు వేయుటను వారు ప్రత్యుదాహరణముగఁ జూపుదురు. ఆ బట్టలు తిరిగివచ్చునవే కాని రజకునివి కావు. దీనికిఁ బ్రతిగా మహాభాష్యమున నుపాధ్యాయుఁడు శిష్యునకుఁ జెంపపెట్టు నిచ్చు నుదాహరణము గలదు. అచ్చట స్వత్వము లేదు, త్యాగము లేదు, అయినను శిష్యుఁడు సంప్రదానమే. కావున స్వత్వత్యాగము లేకయు సంప్రదానత్వము సిద్ధించునని తేలినది.

ఈ రెండుదాహరణములను వౌచరుపైఁ బెట్టి చూడఁదగును. మొదటి తారీఖున 12, తరువాత 10, ఆపై 8 అని దాత యిచ్ఛవచ్చినట్లు తగ్గింపఁగల సొమ్ముపైఁ బ్రతిగ్రహీతకు స్వత్వమెక్కడిది? అది రజకుని చేతిలోని వస్త్రమువంటిది. తగ్గింపును దెలుపు ప్రకటన మాత్రము రెండవ యుదాహరణమునకుఁ జేరును. వాక్యమున శరణార్థి సంప్రదానముగనే యున్నాఁడు గాని వానికిచ్చినది చెంపపెట్టు.

భర్తృహరి వాక్యపదీయమున సాధనసముద్దేశమునందు సంప్రదానము నింకను సూక్ష్మముగ విభజించెను. వల దనకుండుటచేఁ గొందఱు, ప్రేరేపించుటచేఁ గొందఱు, అనుమతించుటచేఁ గొందఱు సంప్రదానత్వమును బొందుదురు. సూర్యునకర్ఘ్య మిచ్చునపుడు సూర్యుఁ డడుగఁడు, వలదనఁడు. యాచకునకు గోవునిచ్చునపుడు వాఁడడిగి దాతను బ్రేరేపించును. గురువునకిచ్చునపుడు గురువు సమ్మతించి గ్రహించును. సహాయార్థన పత్రములలోని లోపము ఈ విభాగముచేఁ దేటపడుచున్నది. ఇందుఁ బ్రేరకుఁడు సంస్థ. తుది ప్రతిగ్రహీత బాధితుఁడు. అడుగు నోరొకటి, తినవలసిన నోరొకటి. బాధితుఁడు సూర్యునివలె నడుగక, వలదనక, యూరక నిలిచియుండువానిఁగాఁ జిత్రింపఁబడును. వాని యనుమతి ప్రసక్తియే లేదు. వౌచరును దగ్గించుటకు ముందు వాని నడిగినవారెవ్వరు? సూర్యునకర్ఘ్యము లోపించిన సూర్యునకుఁ గొఱత లేదు. ఇచ్చటఁ గొఱతయంతయుఁ బ్రతిగ్రహీతదే.

వాగ్దాన విచారము

సహాయసభలలోఁ బ్రభుత్వములు చేయు వాగ్దానములను గూర్చియుఁ బాణిని యొక మర్మమును జెప్పియున్నాఁడు. ప్రతిశ్రవణ మనఁగా నిత్తునని యొప్పుకొనుట. దానికిఁ బూర్వమున నడుగుట యను క్రియ యుండును. ఆ పూర్వక్రియకుఁ గర్త యెవ్వఁడో వాఁడే ప్రతిశ్రవణమున సంప్రదాన మగును. కావున నిత్తుమను మాట యడిగినవానికిఁ జెప్పినది కాని యాఁకలిగొన్నవానికిఁ జెప్పినది కాదు. రఖైను తీరమునఁ గూలిన పాకలో నున్న తల్లికి ఏ ప్రభుత్వమును వాగ్దానము చేయలేదు. ఆమె పేరిట సంస్థకుఁ జేసిరి. అందుచేతనే వాగ్దానభంగమైనపుడు నిలదీయవలసినవారు సంస్థవారు. వారో, వచ్చు సంవత్సరము మరల నా దాతలనే యడుగవలసినవారు కావున నిలదీయరు. నిలదీయఁదగిన దుఃఖము గల తల్లికి వాక్యమున స్థానము లేదు.

ఈ యంశమునకు 2019వ సంవత్సరపు మొజాంబిక్ వృత్తాంతము ప్రబల నిదర్శనము. మార్చి 14వ తేది రాత్రి ఇడాయి తుపాను బెయిరా రేవునొద్దఁ దీరము దాఁటెను. ఆ దేశమున నాఱువందలకుఁ బైగా జనులు మృతులైరి. భారత నౌకాదళపు నావలు తొలుత వచ్చి తోడుపడినవారిలో నుండెను. ఏప్రిల్ నెలలో ఉత్తరమునఁ గెన్నెత్ తుపాను వచ్చెను. రెంటివలనఁ గలిగిన నష్టమును దీర్చి పునర్నిర్మించుటకు 320 కోట్ల డాలర్లు కావలయునని లెక్క తేలెను. మే 31, జూన్ 1 తేదులలో బెయిరాలోనే జరిగిన సభలో వాగ్దానము చేయఁబడినది 120 కోట్లు. ఎనిమిది పాళ్లలో మూఁడు పాళ్లు. అదియును బ్రతిశ్రుతమే కాని ప్రత్తము కాదు. ఇంతకుమున్నే, ఏప్రిల్‌లో, అంతర్జాతీయ ద్రవ్యనిధి యా దేశమునకు 11.82 కోట్ల డాలర్ల ఋణమిచ్చెను. ఋణవిషయమునను బాణిని సంప్రదానమును విధించెను. అప్పుపడుట యను క్రియయందు ఉత్తమర్ణుఁడు, అనఁగా నప్పిచ్చినవాఁడు, సంప్రదాన మగును. మాట యిచ్చిన దేశములు బెయిరావాసులకు ఋణపడియుండవలసినవి. జరిగినది విపరీతము. తుపానుచే సర్వము గోల్పోయిన దేశమే యధమర్ణ మయ్యెను.

తెలుఁగు క్రియలు

ఈ వార్తలు తెలుఁగు పత్రికలలోనికి వచ్చునపుడు మఱియొక దోషము చేరుచున్నది. తెలుఁగున దానక్రియలు పెక్కు గలవు. అన్నము పెట్టుదురు, బిచ్చము వేయుదురు, పన్ను కట్టుదురు, అప్పు తీర్తురు. ఒక్కొక్క క్రియ దాతకును గ్రహీతకును గల సంబంధమును వేఱువేఱుగఁ దెలుపును. అన్నము పెట్టువాఁడు పంక్తిని విడిచి పోరాదు. విస్తరిలోఁ గొఱత పడెనా యని చూడవలసినది వాఁడే. బిచ్చము వేయువానికట్టి బాధ్యత లేదు. పత్రికాభాషలో నీ భేదములన్నియు నొక్క యందించుట యను క్రియలో మునిఁగిపోయినవి. ఇత్తుమనినను సాయమందించిరనియే వ్రాయుదురు, ఇచ్చినను సాయమందించిరనియే వ్రాయుదురు. అందు ధాతువునకుఁ జేరుట యర్థము. ఇంకను జేరని ధనమునకు నీ క్రియను వాడుట యసత్యము. సాయమందలేదని వ్రాసినపుడో, సాయమే కర్త యగును. అది యేల రాలేదో దానినే యడుగవలయును కాఁబోలు!

నిధుల కొఱత వలన వౌచరు తగ్గింపఁబడినది యను వాక్యము మఱియొకటి. ఇందు రెండు దోషములు గలవు. మొదటిది కర్మణి ప్రయోగము. తెలుఁగున నది సహజము కాదని పెద్దలందురు. సహజము కానిదాని నిచ్చట నెందులకు వాడిరనఁగాఁ గర్తను మఱుఁగుపఱచుటకే. రెండవది వలన యను ప్రత్యయము. తుపాను వలన నిండ్లు కూలెను, నిధుల కొఱత వలన వౌచరు తగ్గెను అని యొకే విభక్తితోఁ జెప్పినపుడు రెండును దైవికములను భ్రాంతి గలుగును. గాలి యెవ్వఁడును వీవలేదు. కొఱతయో, ఒకానొక రాజధానిలో నొకానొక మంత్రివర్గము బడ్జెటు పట్టికలో నొక యంకెను గొట్టివేయుటచేఁ గలిగినది. దానికిఁ గర్త కలఁడు, కాలము కలదు, సంతకము కలదు.

రఘుకౌత్స సంవాదము

కోశము రిక్తమైనపుడు దాత యెట్లుండవలయునను ప్రశ్న మన సాహిత్యమునకుఁ గ్రొత్త కాదు. రఘువంశపు టైదవ సర్గమునఁ గాళిదాసు దీనినే వస్తువుగఁ గైకొనెను. విశ్వజిద్యాగమున సర్వస్వమును దానము చేసిన రఘువునొద్దకుఁ గౌత్సుఁడు వచ్చెను. గురుదక్షిణకై పదునాలుగు కోట్లు వానికిఁ గావలయును. రఘువు మట్టిపాత్రతో నర్ఘ్యము దేఁగాఁ జూచి, కోశస్థితి నెఱిఁగి, కౌత్సుఁడు వేఱొకచోటి కేగఁబోయెను. రఘువతనిని నిలిపి, రెండు మూఁడు దినములు తన యగ్నిగృహమున నుండుమని ప్రార్థించి, కుబేరునిపై దండెత్త నిశ్చయించెను. తెల్లవాఱునప్పటికిఁ గోశగృహమునఁ గనకవృష్టి గురిసెను. రఘువంతయు నిచ్చెను. కౌత్సుఁడు గురువునకీయవలసినదానికంటె నెక్కువ పుచ్చుకొనఁడయ్యె. సాకేతవాసు లిరువురను గొనియాడిరి.

కనకవృష్టి యద్భుతము. అదినేఁడు కురియదు. అద్భుతమును దీసివేసినను గథలో మూఁడంశములు మిగులును. ఒకటి, కోశము రిక్తమగుటను రఘువు తన లోపముగనే యెంచెను. అర్థి తననుండి వేఱొక దాతకడకుఁ బోయెనను నపవాదమునకే యతఁడు వెఱచెను. రెండు, ఇన్నిదినములలో నిత్తునని గడువు చెప్పెను. మూఁడు, కౌత్సుఁడు తనకొఱకుఁ గాక గురువుకొఱ కడిగినవాఁడు. నేఁటి సంస్థవంటివాఁడన్నమాట. అతఁడు లెక్క చెప్పి యడిగెను, లెక్కకు మించి గ్రహింపలేదు. నేఁటి సహాయార్థనలలోఁ గౌత్సుని గుణములు చాలవఱకుఁ గానవచ్చుచున్నవి. కానరానిది రఘువు.

గుణములు, ఆక్షేపసమాధానములు

దోషములనే చూపి గుణములను విడుచుట విమర్శకధర్మము కాదు. ఎంతమందికి, ఏ జిల్లాలో, ఆహారమునకెంత, నీటికెంత, గూటికెంత యని విభజించి చూపు పద్ధతి ప్రశంసనీయము. ఐక్యరాజ్యసమితివారి మానవతా వ్యవహారముల కార్యాలయము నడపు నిధుల పద్దు మఱియు మేలైనది. అందుఁ గట్టుబాటు లేని వాగ్దానము, ఒడంబడికగా మాఱిన నిశ్చయము, చెల్లించిన సొమ్ము అని మూఁడు దశలు వేఱువేఱుగఁ జూపఁబడును. ఏ ప్రభుత్వ మెంత యిచ్చినదియు నందు బహిరంగము. వాక్యములు దాఁచిన కర్తను బట్టిక బయటఁ బెట్టుచున్నది. విచారింపఁదగిన దేమనఁగా, జనులు చదువునది వాక్యమును, చదువనిది పట్టికను.

సంస్థలకు దాతలను నిర్బంధించు శక్తి లేదు, పేరెత్తి నిందించినచో వచ్చునదియు రాదు, కావున మృదువుగా వ్రాయుదురని యొక సమాధానము గలదు. ఇది త్రోసివేయఁదగినది కాదు. పదిలక్షల నోళ్లకు జవాబుదారులైనవారు దాతకుఁ గోపము దెప్పింప వెఱచుట సహజమే. కాని మౌనమునకును మూల్యము గలదు. 2024 డిసెంబరులో వెలువడిన లోకమంతటి సహాయార్థనలో నక్కఱ గలవారు 30.5 కోట్లమంది యనియు, వారిలో 19 కోట్లమందికి సాయపడఁ దలపెట్టినట్లును, దానికి 4,700 కోట్ల డాలర్లు కావలయుననియుఁ జెప్పఁబడెను. ధనము మిక్కిలి తగ్గిపోఁగా 2025 జూన్‌లో, తొలి ప్రణాళికను విడువకయే, దానిలోపలఁ బ్రాణావసరములైన పనులను మాత్రమే యేఱి 11.4 కోట్లమందికి 2,900 కోట్ల డాలర్లు ముందుగఁ గోరిరి. ముప్పదికోట్లు పందొమ్మిది యయ్యెను, పందొమ్మిది పదునొకండున్నర యయ్యెను. చతుర్థీవిభక్తి యొక్కొక్క మెట్టు దిగుచున్నది. దిగినవారెచ్చటికిఁ బోయిరో యే వాక్యమును జెప్పదు. అక్కఱ తగ్గుటచేఁ గాదు, లెక్క తగ్గుటచే వారు తగ్గిరి. ఈ యేఱుట చేసినవారు గుండె ఱాయి చేసికొనియే చేసియుందురు. అయినను వారి వాక్యమున విడువఁబడినవారికి నొక పదమైన నుండఁదగును.

సిద్ధాంతము

ఇంతవఱకు విచారించినదానివలనఁ దేలునవి మూఁడు. సహాయవార్తను వ్రాయువారు ప్రతిశ్రుతమును బ్రత్తమును గలపరాదు. ఇత్తుమనిరి, ఇచ్చిరి అను రెండు క్రియలును దెలుఁగున స్పష్టముగ నున్నవి. వానికి బదులుగ నందించుట యను నొక్క ముసుఁగు వలదు. రెండవది, తగ్గింపును దెలుపునపుడు కర్తరి ప్రయోగమునే చేయవలయును. ఎవ్వరెంత యిత్తుమని యెంత యిచ్చిరో, అందుచే నెవ్వరు, ఎవ్వరి తిండిని, ఎంత మేరకు, ఎన్నాళ్లు తగ్గించుచున్నారో యొకే వాక్యమునఁ జెప్పవలయును. మూఁడవది, బాధితుఁడు మూఁగ సంప్రదానము కారాదు. తగ్గింపునకు ముందు వానినడిగి, వాని మాటను బత్రమునఁ జేర్చినచో వాఁడు ప్రేరకుఁడును ననుమంతయుఁ గాఁగలఁడు.

వాక్యము సరియైనంతమాత్రమున గిన్నె నిండదు. వ్యాకరణము బియ్యము నీయఁజాలదు. కాని యెవ్వఁ డీయలేదో చెప్పఁగలదు. పూర్వులు దానశాసనమును ఱాతిపైఁ జెక్కించిరి. దత్తాపహరణమునకు శాపమును దాని చివరనే చేర్చిరి. తామ్రపత్రముల కాలమున భూమినిచ్చి మరలఁ దీసికొన్నవానికిఁ గల భయము, కోట్లకొలఁది జనులు వినుచుండఁగా నిత్తుమని చెప్పి యీయనివారికి నేఁడు లేదు. శాపము వలదు. పట్టికలో నిప్పటికే యున్న పేరును వాక్యములోనికిఁ దెచ్చినఁ జాలును.